పడవ మీద ఉప్పు డబ్బా

మా వల్లూరులో చైత్రం వచ్చిందంటే ఉప్పు జాడీకి మూత పెట్టడం మరచినా నష్టం లేదు. పెన్నలో నీరెంతో గాలిలో తేమా అంతే! చెయ్యి పెడితే గల్లుప్పు గలగలమంటుంది. ముసురు పడితే తప్ప మాకు ఆ బాధ తెలియదు.

మొన్న సంక్రాంతికి కాకినాడ నుంచి మా తమ్ముడి కొడుకు వచ్చాడు. చేపల బోటులో ఇంజను చూస్తాడు. బయలుదేరితే రోజుల తరబడి కాపురం నీళ్ళ మీదే, వంట వంతులవారీ.

"అత్తా, మా బోటులో ఉప్పు ఒకనాడు గడ్డ, ఒకనాడు పాకం. గీకి వేస్తే చారు నోట పెట్టలేం" అన్నాడు. నవ్వాను. "మా సరంగుకు రక్తపుపోటు. ఉప్పు కొలిచి తినమన్నాడు డాక్టరు. గడ్డను ఎట్లా కొలిచేది?" అనేసరికి నవ్వు ఆగిపోయింది.

ఇందులో రహస్యం గాలిదే. గాలిలో తేమ నూటికి 75 పాళ్ళు దాటితే శుద్ధమైన ఉప్పయినా చెమరుస్తుంది. సముద్రం మీద అది తరచు దాటుతుంది. ఇక శుద్ధి చేయని ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు ఉంటుంది. దానికి 33 పాళ్ళ తేమే చాలు, నీరు పీల్చుకొంటుంది. అందుకే గల్లుప్పు ముందు కారుతుంది.

వాడికి చెప్పిన ఉపాయాలు మీకూ చెబుతాను. ఉప్పంతా ఒకే డబ్బాలో పోయవద్దు. మర మూత గల చిన్న ప్లాస్టిక్కు డబ్బాలు నాలుగైదు తీసుకొని, ఇంటి వద్ద పొడిగా ఉన్నప్పుడే నింపండి. ఒకటి అయ్యాకే మరొకటి తెరవండి. ఇనుప మూత తుప్పు పడుతుంది; గాజుసీసా ఊగే పడవలో నిలవదు. తెరిచిన డబ్బాను పొయ్యి ఆవిరికి దూరంగా ఉంచండి. తడి చెంచా ముట్టించవద్దు.

పిడికెడు బియ్యం దోరగా వేయించి, బాగా చల్లార్చి, పలుచని గుడ్డలో మూటకట్టి అందులో వేయండి. ఆ బియ్యమూ కొంత తేమే పీల్చగలదు, వారానికొకసారి మార్చాలి. ఉప్పునే పెనం మీద వేయించడం మా అమ్మనాటి అలవాటు. ఇప్పటి ఉప్పులో అయొడిన్ ఉంటుంది, దానికి తేమా వేడీ రెండూ గిట్టవు. కనుక వేయించేది బియ్యాన్నే సుమా!

పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే చిన్న చెంచాడు కూడా కాదు. పచ్చళ్ళూ ఎండుచేపలూ ఆ లెక్కలోవే. అందుచేత కూరలో తగ్గించి వండి, కావలసినవారిని పైన వేసుకోమనండి.

డబ్బాలు నింపి, బియ్యం మూటలు కట్టి పంపాను. బోటు ఒడ్డుకు రాగానే వాడు ఫోను చేశాడు.

"అత్తా, సరంగు చెంచా ఇప్పుడు చెంచాయే!"

ముసురు రోజుల్లో మన వంటిల్లూ పడవే కదా. మీరూ చేసి చూడండి.