డిగ్రీ పిల్లల రీసెర్చికి ఇరవై వేలు ఇవ్వలేమా?

"బీఎస్సీ బయాలజీ వాళ్ళకి రీసెర్చ్ ఏంటండీ, ముందు పాసవ్వమనండి!" ఈ మాట మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ నోట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఏ డిగ్రీ లేనివాడు ఓపెన్ సోర్స్‌లో కోడ్ రాస్తే చప్పట్లు కొడతాం. డిగ్రీ చదివే పిల్ల పట్టుపురుగులు లెక్కపెడతానంటే మాత్రం మనకి నవ్వొస్తుంది.

మాది సోమందేపల్లి. ధర్మవరం చీర గురించి అందరికీ తెలుసు. ఆ చీర వెనక మల్బరీ తోట, పురుగుల షెడ్డు, హిందూపురం గూళ్ళ మార్కెట్టు ఉన్నాయని ఎంతమందికి గుర్తుంటుంది? ఆ షెడ్డులోకి ఊజీ ఈగ దూరి పట్టుపురుగు ఒంటిమీద గుడ్డు పెడుతుంది. అందులోంచి వచ్చిన పిల్ల పురుగు లోపలికి తొలుచుకుపోయి దాన్ని తినేస్తుంది. వల కట్టిన షెడ్డులో నూటికి ఎన్ని పోతున్నాయి, సరిగ్గా కట్టని షెడ్డులో ఎన్ని? చుట్టుపక్కల పల్లెల్లో ఐదారు షెడ్లు తిరిగి, మూడు పంటలు లెక్క రాస్తే ఒక అంచనా వస్తుంది. పంటకి పట్టేది సుమారు నెల. కావలసింది భూతద్దం, నోటుబుక్కు, కాస్త వలగుడ్డ, బస్సు చార్జీలు. సలహా కావాలంటే హిందూపురం పక్కన కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థే ఉంది. ఖర్చంతా కలిపినా మన టీమ్ డిన్నర్ బిల్లు దాటదు.

ఇది మరీ చిన్న పని అంటారా? 1865లో ఫ్రాన్సులో పట్టుపురుగుల రోగం సంగతి చూడమంటే పాశ్చర్ తేల్చింది ఏమిటనుకున్నారు? గుడ్లు పెట్టిన తల్లి చిలుకని నూరి మైక్రోస్కోపు కింద చూడు, పెబ్రిన్ కనిపిస్తే ఆ గుడ్లు పారెయ్యి. అంతే! రోగం లేని గుడ్ల తయారీకి ఈనాటికీ అదే ఆధారం.

ఇంకోటి చెప్తాను. 2000 ఖరీఫ్‌లో మా అనంతపురం జిల్లాలో కాండం కుళ్ళు తెగులొచ్చి 2 లక్షల హెక్టార్లకి పైగా వేరుశనగ దెబ్బతింది. నష్టం 300 కోట్లు దాటింది. కారణం టొబాకో స్ట్రీక్ వైరస్. అది గట్లమీది వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది, తామరపురుగులు దాన్ని పంటకి అంటిస్తాయి. ఏ గట్టుమీద వయ్యారిభామ ఎప్పుడు పూస్తోందో ఏటా రాసిపెట్టడానికి పీహెచ్‌డీ కావాలా?

మరి గ్రాంట్లు లేవా అంటే, ఉన్నాయి. 2008లో మొదలైన ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌లో ఏడాదికి 80 వేలు, అందులో 20 వేలు వేసవి ప్రాజెక్టుకే. మొత్తం బాగానే ఉంది, గుమ్మమే ఇరుకు. ఇంటర్ బోర్డులో మొదటి 1 శాతంలో ఉండాలి, లేదా జాతీయ ప్రవేశ పరీక్షలో పెద్ద ర్యాంకు రావాలి. అంత మార్కులొచ్చిన పిల్లల్ని మన ఊళ్ళలో బీఎస్సీకి పంపేదెవరు? కేంద్ర బయోటెక్నాలజీ శాఖ స్టార్ కాలేజ్ పథకానికి అప్లై చెయ్యాల్సింది కాలేజీ, పిల్ల కాదు. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్ మంచిదే, కానీ అది పిల్లని రెండు నెలలు ఇంకొకరి ల్యాబుకి పంపుతుంది. తన షెడ్డులో పుట్టిన ప్రశ్నకి డబ్బివ్వదు. కేవీపీవై సంగతి 2022తోనే ముగిసింది. అదే ఏడాది యూజీసీ నాలుగో సంవత్సరంలో 12 క్రెడిట్ల రీసెర్చ్ ప్రాజెక్టు పెట్టింది, 75 శాతం మార్కులున్నవాళ్ళకి. క్రెడిట్లు సరే స్వామీ, వలగుడ్డ ఎవరు కొనాలి?

అమెరికాలో సిగ్మా సై సంస్థ 1922 నుంచి విద్యార్థుల పరిశోధనకి చిన్న గ్రాంట్లిస్తోంది. వెయ్యి డాలర్లంటే అక్కడ అది పెద్ద సొమ్మేం కాదు. అయినా నూరేళ్ళుగా ఇస్తున్నారు.

మనమో? గుడికి ఫ్యాను కొనిచ్చి మూడు రెక్కలమీదా పేరు రాయిస్తాం. చదివిన కాలేజీకి పాత కంప్యూటర్లు తోసేస్తాం. రైతు కోసమంటే ఒక యాప్ చేసి పడేస్తాం. ఐదుగురం తలా నాలుగు వేలు వేసుకుంటే ఒక పిల్ల ప్రాజెక్టు ఏడాది నడుస్తుంది. అప్లికేషన్ రెండు పేజీలు, తెలుగులో రాసినా ఓకే. ప్రశ్న ఏమిటి, ఏం లెక్కపెడతావు, ఎన్నిసార్లు, దేనికెంత, చూసుకునే లెక్చరర్ ఎవరు: ఈ ఐదింటికీ జవాబులుంటే చాలు. మార్కుల లిస్టు అక్కర్లేదు. డబ్బు మాత్రం పంట మొదలవక ముందే చేతికందాలి. పంట అయిపోయాక వచ్చే చెక్కు ఎవరికి కావాలి?

"డబ్బు తినేస్తే?" అంటారు. బిల్లులడగండి, నోటుబుక్కు ఫోటోలడగండి. "చివరికి ఏమీ తేలకపోతే?" వలకీ నష్టానికీ సంబంధం కనబడలేదని తేలినా అది ఫలితమే. మనం ఆర్నెల్లు చేసి మూలన పడేసిన ప్రాజెక్టులకి ఎవరైనా జీతం వెనక్కడిగారా?

డబ్బు లేదంటే నేనొప్పుకోను. లేనిది ఆ పిల్లల ప్రశ్నమీద నమ్మకం. కాదంటారా?