పొట్టను కరిగించే యంత్రం లేదు, బలపరిచేది ఉంది

ఈ వేసవి మొదట్లో మా వీధి చివర ఉండే మాస్టారు నన్ను ఇంటికి రమ్మన్నారు. రక్తపోటు చూడటానికి కాదు, యంత్రం చూడటానికి. కూర్చొని, పిడులు పట్టుకొని, ముందుకు వంగి లేవవలసిన రకం అది. తొమ్మిది వేల రూపాయలు పెట్టి తెప్పించుకున్నారట. నేను వెళ్ళేసరికి దాని పిడుల మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి. “నాలుగు నెలలు ఒక్కరోజు తప్పకుండా చేశాను డాక్టరుగారూ. కిలో కూడా తగ్గలేదు. పన్నెండేళ్ళ మధుమేహం, అరవై ఏడేళ్ళ వయస్సు. ఇక ఈ శరీరం మాట వినదని తెలిసిపోయింది, మానేశాను” అన్నారు.

మానేసినది యంత్రాన్ని మాత్రమే అయితే నాకు చింత లేకపోయేది. దానితోపాటు సాయంకాలపు నడకనూ మానుకున్నారు.

నడుమునొప్పి ఎలా ఉందని అడిగాను. ఒక క్షణం ఆలోచించి, ఈ మధ్య రాలేదన్నారు. చాప మీద కూర్చోబెట్టి లేవమన్నాను. చేయి ఆనించకుండానే లేచారు. నిరుడు మా ఇంటి వ్రతానికి వచ్చినప్పుడు లేవడానికి నా భుజం పట్టుకున్న మనిషి! యంత్రం తన పని తాను చేసింది. ఆ పని ఏమిటో మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు. అమ్మినవారు చెప్పినది వేరొకటి.

ఉదరంలో ముందువైపు నిలువుగా ఉండే కండరాలు, పక్కల ఏటవాలుగా ఉండే రెండు పొరలు, అన్నింటికంటే లోపల నడికట్టులా అడ్డంగా చుట్టుకొని ఉండే మరొక పొర ఉంటాయి. ఇవి బలపడితే వెన్నుకు ఆసరా దొరుకుతుంది, నిలుచునే తీరు చక్కబడుతుంది. కొవ్వు సంగతి వేరు. అది ఈ కండరాల పైన చర్మం కిందా, వాటి వెనుక పేగుల చుట్టూ పేరుకొని ఉంటుంది. అది ఖర్చు కావాలంటే కొవ్వు ఆమ్లాలుగా విడిపోయి, రక్తంలో కలిసి, పనిచేసే కండరానికి చేరాలి. ఒళ్ళంతటికీ ఖజానా ఒక్కటే. పొట్ట కండరం శ్రమపడినంత మాత్రాన పొట్ట కొవ్వే ముందుగా కరగదు.

ఇది నేటి మాట కాదు. 1971లో అమెరికాలో టెన్నిస్ ఆటగాళ్ళ రెండు చేతులనూ కొలిచి చూశారు. ఆడే చేతిలో కండరం హెచ్చుగా ఉన్నది గాని, చర్మం కింది కొవ్వు మందం రెండింటా దాదాపు సమానమే. 1984 నాటి మరొక పరిశోధనలో 27 రోజులలో 5,004 సిటప్‌లు చేయించి, పొట్ట నుండి, వీపు నుండి, పిరుదుల నుండి కొవ్వు తీసి పరీక్షించారు. కణాలు మూడుచోట్లా ఒకే తీరుగా కుంచించుకున్నాయి. పొట్టకు ప్రత్యేక లాభమేదీ దక్కలేదు. అయినా ప్రకటనలు ఆగలేదు. రోజుకు మూడు నిమిషాలతో రెండు వారాలలో పది పౌన్లు తగ్గుతారని చెప్పి అమ్మిన అబ్ సర్కిల్ ప్రో విషయంలో, 2012లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్యతో కొన్నవారికి రెండున్నర కోట్ల డాలర్ల వరకు తిరిగి చెల్లించే ఒప్పందం కుదిరింది.

అమ్మినవారిని నిందించే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆసుపత్రిలో రద్దీ రోజులలో, “పొట్ట తగ్గించండి, కడుపు వ్యాయామాలు చేయండి” అని ఒకే ఊపిరిలో నేనూ ఎందరికో చెప్పాను. రెండు మాటల మధ్య సంబంధం ఉన్నదని వారు అనుకున్నారంటే, తప్పు వినినవారిది కాదు.

లెక్క చూడండి. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు. డెబ్బై కిలోల మనిషి పది నిమిషాలు మితంగా ఈ వ్యాయామం చేస్తే ఖర్చయ్యేది యాభైకి లోపే. ఒక గారె తింటే అంతకు రెట్టింపు తిరిగి వస్తుంది. పెద్ద కండరాలు, అనగా తొడలు, పిరుదులు, ఎక్కువసేపు కదలాలి. అందుకు నడక చాలు. ఇంట్లోనే ఏదైనా కావాలనుకొనేవారికి నిలిచిన చోటే తొక్కే సైకిల్ మేలు. నడుముకు కట్టుకొని వణికించుకొనే బెల్టులకు మాత్రం రూపాయి కూడా పెట్టవద్దనే అంటాను.

ఒక ఊరట కూడా ఉన్నది. పేగుల చుట్టూ చేరిన కొవ్వే మధుమేహానికీ గుండెజబ్బుకూ దారితీసేది. తూకం పెద్దగా తగ్గకపోయినా క్రమం తప్పని నడకతో అది తగ్గగలదు. కనుక తూకంకన్న నడుము చుట్టుకొలత నమ్మదగినది. మనవారిలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. సన్నని చేతులు, ముందుకు వచ్చిన పొట్ట మన దేశంలో సర్వసాధారణం కదా.

ఈ యంత్రాలు అందరికీ కావు. బొడ్డు దగ్గర హెర్నియా ఉన్నవారు, అదుపులేని రక్తపోటు ఉన్నవారు, ఎముకలు గుల్లబారినవారు వైద్యుని అడగకుండా ముందుకు వంగే వ్యాయామాలు చేయరాదు. బాలింతల విషయంలో మరింత ఓపిక కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై ప్రసవాలు సిజేరియన్లే. కోత మానకముందే, కాన్పుకు విడివడిన ఉదరకండరాలు తిరిగి దగ్గరపడకముందే, “పొట్ట ఇంకా పోలేదేమిటమ్మా” అన్న చుట్టాల మాటకు జడిసి యంత్రం ఎక్కిన అమ్మాయిలను నేను చూశాను. నోరు అదుపులో పెట్టుకోవలసింది చుట్టాలే.

మాస్టారి చేత యంత్రం మాన్పించలేదు. వారానికి మూడు రోజులు, పదేసి నిమిషాలు, ఊపిరి బిగపట్టకుండా చేయమన్నాను. మధుమేహం మాత్ర వేసుకొని పరగడుపున చేయవద్దని గట్టిగా చెప్పాను. సాయంత్రం చెరువుగట్టున నలభై నిమిషాల నడక, రాత్రి అన్నం ఒక పిడికెడు తక్కువ. ఆనాడు నడుము 104 సెంటీమీటర్లు. మొన్న కొలిస్తే 101. కొలిచే టేపును పిడికే వేలాడదీశారు. తువ్వాళ్ళకు వసారాలో వేరే తీగ కట్టించారట.