ఆ ఫొటో ఐడీ కార్డుకని ఇచ్చింది

మా పిన్ని రోజూ జగ్గయ్యపేట నుంచి నందిగామ బస్సులో వెళ్లి ఒక షాపులో పని చేస్తుంది. చేరిన రోజు ఐడీ కార్డుకని పాస్‌పోర్ట్ ఫొటో ఇచ్చింది. మొన్న బస్సు లేటయింది. సాయంత్రానికి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో "ఈ వారం ఆలస్యంగా వచ్చినవారు" అంటూ అదే ఫొటో! అడిగితే, "మన గ్రూపే కదమ్మా, బయటికేం పోదులే" అన్నాడట మేనేజర్.

గ్రూపులో నలభై మంది ఉన్నారు. నలభై ఫోన్లలోకి వెళ్లాక ఇంకా "మనలోనే" ఏంటి?

2022 ఆగస్టులో మన రాష్ట్రంలో ప్రభుత్వ టీచర్లని సొంత ఫోన్లో యాప్ వేసుకుని, ముఖం చూపించి హాజరు వేయమన్నారు. ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. వాళ్లకి సంఘాలున్నాయి. పిన్నికి ఎవరున్నారు?

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 డేటా రక్షణ చట్టం మాత్రం ఉద్యోగ అవసరాలకైతే సమ్మతి అడక్కుండానే వివరాలు వాడుకోవచ్చని 7వ సెక్షన్‌లో వెసులుబాటు ఇచ్చింది. హాజరు ఉద్యోగ అవసరమే, ఒప్పుకుంటా. నలుగురిలో పరువు తీయడం కూడా ఉద్యోగ అవసరమేనా?

పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. ముఖాన్ని మార్చుకోలేం కదా. రేపు ఈ సాఫ్ట్‌వేర్లు రాసేది మనమే. ఫొటో ఎందుకు తీసుకుంటున్నామో అక్కడే రాద్దాం. వేరే పనికి వాడాలంటే మళ్లీ అడిగేలా చేద్దాం. "వద్దు" అన్నవాళ్ల ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదు.

ఇది రాసే ముందు పిన్నిని అడిగాను. "నా పేరు వద్దు, మిగతాది రాయి" అంది. అడగడానికి అర నిమిషం కూడా పట్టలేదు.