నేల ఇక్కడితో సరి!

అక్కడ ఇల్లు లేదు, చెట్టు లేదు. కాఫీ అసలే లేదు. అయినా దాని పేరు కాఫీ క్లబ్బు దీవి! భూగోళమ్మీద ఉత్తరం వైపు నేలకు చిట్టచివరి చిరునామా అదే. కానీ ఆ సంగతి తేలడానికి చాలా ఏళ్లే పట్టింది.

గ్లోబును కాస్త వంచి పైభాగం చూడండి. దక్షిణాన అంటార్కిటికా ఉన్నట్టు ఉత్తర ధ్రువం దగ్గర ఖండమేదీ కనిపించదు. ఉన్నదంతా సముద్రం, దానిమీద తేలే మంచు. మరి ధ్రువానికి అతి దగ్గరగా ఉన్న నేల ఏది? సులువైన ప్రశ్నలాగే ఉంది కదూ! జవాబు మాత్రం ఎన్నోసార్లు మారింది.

1900లో అమెరికన్ అన్వేషకుడు రాబర్ట్ పియరీ గ్రీన్‌లాండ్ ఉత్తర కొసను చేరాడు. తన యాత్రలకు డబ్బు సాయం చేసిన మోరిస్ జెసప్ పేరునే దానికి పెట్టాడు. ఆ కేప్ మోరిస్ జెసప్పే ప్రపంచంలో ఉత్తరాన చివరి నేల అని అంతా నమ్మారు. దానికి తూర్పున తీరానికి దగ్గర్లోనే ఉన్న ఓ చిన్న దీవిని పియరీ కూడా చూశాడు గానీ, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1921లో డెన్మార్క్ భూగర్భ శాస్త్రవేత్త లౌగె కోహ్ తొలిసారి దానిమీద కాలుపెట్టాడు. కోపెన్‌హాగెన్‌లో తమవాళ్లంతా చేరి కబుర్లాడుకునే కాఫీ క్లబ్బు గుర్తొచ్చిందో ఏమో... ‘కాఫెక్లుబ్బెన్’ అని ఆ పేరే పెట్టేశాడు. అసలు విశేషం 1969లో బయటపడింది. కెనడా బృందం లెక్కలు కడితే ఈ దీవి కొస కేప్ మోరిస్ జెసప్ కంటే ఉత్తరంగా ఉందని తేలింది!

పొడవు కిలోమీటరైనా లేని గులకరాళ్ల గుట్ట అది. ధ్రువం అక్కడికి దాదాపు 713 కిలోమీటర్లు. ఏడాదిలో ఇంచుమించు అయిదు నెలలు సూర్యుడు అస్తమించడు. నాలుగు నెలలకు పైగా అసలు ఉదయించడు. మనిషి జాడ కావాలంటే ఆగ్నేయంగా వందల కిలోమీటర్లు వెళ్లి, స్టేషన్ నార్డ్ అనే డెన్మార్క్ సైనిక కేంద్రాన్ని చేరాలి. అక్కడైనా ఏడాదంతా ఉండేవారు పట్టుమని పదిమంది ఉండరు.

కనిపించి... మాయమై!

1978లో డెన్మార్క్ సర్వే బృందం ఈ దీవి కొలతలు తీసుకోవడానికి వెళ్లింది. పనిలో ఉండగా ఉత్తరంగా కిలోమీటరున్నర లోపే నల్లగా ఏదో కనిపించింది. వెళ్లి చూస్తే మట్టి, గులకరాళ్లు! పదిహేను మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు... ఓ పెళ్లిపందిరంత. దానికి ‘ఊడాక్’ అని పేరు పెట్టారు. 1909లో పియరీ ధ్రువయాత్రలో కడదాకా వెంట నడిచిన ఇన్యూయిట్ వేటగాడి పేరది. దాంతో ఉత్తరాన చివరి నేల అన్న హోదా కాఫీ క్లబ్బు నుంచి ఊడాక్‌కు మారింది.

అయితే ఆ తర్వాత వెళ్లినవారిలో చాలామందికి ఊడాక్ దొరకనే లేదు. బదులుగా అటూఇటూ మరికొన్ని మట్టిదిబ్బలు కనిపించేవి. కొన్నేళ్లకు అవీ మాయం! 2021లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులున్న బృందం ఊడాక్ మీదే దిగామనుకుంది. తీరా లెక్క చూసుకుంటే అసలు చోటుకు దాదాపు 780 మీటర్ల దూరంలో ఉన్నారు! కొత్త దీవి దొరికిందని ప్రపంచమంతా వార్తలొచ్చాయి.

ఎందుకిలా జరుగుతోందో తేల్చాలనుకున్నారు శాస్త్రవేత్తలు. 2022లో మంచుకు రంధ్రాలు చేసి మరీ సముద్రం లోతు కొలిచారు. దీవులున్నాయన్న చోట్ల అడుగు 26 నుంచి 47 మీటర్ల లోతున ఉంది. అంటే అవి అడుగునుంచి పైకి లేచిన నేల కాదు... నెత్తిన మట్టి మోస్తున్న మంచుదిమ్మలు! హిమానీనదాలు కొండల్ని ఒరుసుకుంటూ జారేటప్పుడు రాళ్లూ మట్టీ మంచులో చేరతాయి. అలాంటి ముక్క విరిగి సముద్రంలోకి వచ్చి, అడుగు తగిలి ఆగిపోతుంది. పైనున్న మట్టిని చూసి దీవే అనుకుంటాం. మంచు కరిగాక మిగిలేది నీళ్లే.

ఇంత చిన్న మట్టిదిబ్బ మీద ఇంత పరిశోధన దేనికంటారా? ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం దీవి అంటే సహజంగా ఏర్పడిన నేల. పోటు సమయంలోనూ నీటిపైన ఉండాలి. అలాంటి నేల ఉంటే చుట్టూ 12 నాటికల్ మైళ్ల దాకా, అంటే సుమారు 22 కిలోమీటర్ల సముద్రం ఆ దేశానిదే. మంచుదిమ్మకు ఆ హక్కు రాదు. ధ్రువ సముద్రం మీద ఎన్నో దేశాల కన్నుంది. అక్కడ ఏది నేలో ఏది మంచో తెలియకపోతే సరిహద్దుల లెక్కే తప్పుతుంది.

అలా కాఫీ క్లబ్బు దీవికి పాత హోదా తిరిగొచ్చింది. పాపం, ఊడాక్ పేరు పెట్టిన దీవి మాత్రం పటంలోంచి జారిపోయింది.

హోదా దక్కినంత మాత్రాన కాఫీ క్లబ్బుకు కొత్తగా ఒరిగిందేమీ లేదు. అయితే ఆ రాళ్ల సందుల్లో ఊదారంగు శాక్సిఫ్రేజ్, ఆర్కిటిక్ పాపీ మొక్కలు బతుకుతున్నాయి. వేసవి అక్కడ కొన్ని వారాలే. ఆలోపే పూయాలి, విత్తనం కట్టాలి. ఇంతకంటే ఉత్తరాన నేలలో వేళ్లూనుకున్న పూలమొక్క మరొకటి లేదు. వేళ్లు దిగాలంటే ముందు నేలంటూ ఉండాలి కదా!