విశాఖ ఎదుగుదలలో మన వాటా ఎంత?

ఒక నగరం అభివృద్ధి చెందిందని చెప్పడానికి సాధారణంగా చూపే సాక్ష్యాలు మూడు: రహదారుల వెడల్పు, భవనాల ఎత్తు, పెట్టుబడుల మొత్తం. ఈ మూడింటినీ బట్టి చూస్తే విశాఖపట్నం నేడు ఆంధ్రప్రదేశ్ నగరాలన్నిటికంటె ముందు వరుసలో ఉన్నది. అయితే నాలుగవ ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నది. ఆ రహదారి వెడల్పు కావడానికి ఎవరి దుకాణం పోయింది? ఆ భవనం లేచిన నేల ఎవరిది? ఆ పెట్టుబడి వల్ల ఎవరి పిల్లలకు ఉద్యోగం దొరికింది? అల్పసంఖ్యాకులమైన మనం ఈ ప్రశ్న అడగకపోతే మన తరఫున అడిగేవారు ఎవ్వరూ ఉండరు.

రాయలసీమ జిల్లాలతో పోల్చితే ఉత్తరాంధ్రలో ముస్లిముల సంఖ్య చాలా స్వల్పం. అయినా మనం ఈ నగరానికి నిన్న మొన్న వచ్చినవారం కాము. రేవు ముఖద్వారం వద్ద వరుసగా నిలిచిన మూడు కొండలే ఇందుకు సాక్ష్యం. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం, ఒకదానిపై మేరీమాత చర్చి, మరొకదానిపై హజ్రత్ ఇస్హాఖ్ మదనీ దర్గా ఉన్నవి. రేవులోకి వచ్చే ఓడలు ఆ దర్గాకు వందనం చేసేవని స్థానికులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఈ నగర చరిత్రలో మన స్థానం ఎవరో దయతో ఇచ్చినది కాదు.

ఈ నగరం ప్రజాధనంతో పెరిగిన నగరమన్న సంగతి కూడ గుర్తుంచుకోవాలి. 1933లో రేవు ప్రారంభమైంది. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన నౌకా నిర్మాణ కేంద్రం నుంచి 1948లో 'జలఉష' సముద్రంలోకి దిగింది. ఆ కేంద్రం తరువాత ప్రభుత్వపరమైంది. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అన్న నినాదంతో 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఆ కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాల ప్రజలు తమ ఇళ్లను, పొలాలను వదులుకున్నారు. కులమతాల భేదం లేకుండా వేలాది పేద కుటుంబాల పిల్లలు ఈ సంస్థలలో ఫిట్టర్లుగా, వెల్డర్లుగా, గుమాస్తాలుగా, ఇంజనీర్లుగా స్థిరపడ్డారు. ఒక్క జీతంతో ఇల్లంతా మధ్యతరగతికి చేరిన కథలు మన బస్తీలలోనూ ఉన్నవి.

ఇప్పుడు దారి మారుతున్నది. 2021 జనవరిలో కేంద్రప్రభుత్వం ఉక్కు కర్మాగారంలో తన వాటాను పూర్తిగా ఉపసంహరించాలని నిర్ణయించింది. కార్మికుల సుదీర్ఘ ఆందోళన తరువాత 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించారు. మరోవైపు ఒక ఐటీ సంస్థకు 21 ఎకరాలకు పైగా భూమిని 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయిస్తూ 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ సంస్థ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఇక్కడ కృత్రిమ మేధ కేంద్రాన్ని నెలకొల్పుతామని ప్రకటించింది. వీటిని మనం వ్యతిరేకించనవసరం లేదు. చదువుకున్న మన పిల్లలు ఇంటికి దగ్గరలో కొలువు చేయాలని కోరుకునేవారిలో మనమూ ఉన్నాము. కాని ఇందులో దాగియున్న ఒక మార్పును గమనించాలి.

రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ 2007 నాటి చట్టం ద్వారా లభించింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆధారంగా 14 వర్గాలకు అది కొనసాగుతున్నది. తుది తీర్పు ఇంకా రావలసియున్నది. ఈ హక్కు రాష్ట్ర విద్యాసంస్థలకు, రాష్ట్రప్రభుత్వ కొలువులకు వర్తిస్తుంది. ప్రైవేటు కార్యాలయపు గేటు దగ్గర అది ఆగిపోతుంది. కొత్త ఉద్యోగాలన్నీ ఆ గేటు లోపలే పుడుతున్నప్పుడు, కాగితం మీద మన శాతం తగ్గకపోయినా అది వర్తించే రంగం ఏటేటా కుంచించుకుపోతుంది. మన హక్కును ఎవరూ రద్దు చేయనక్కరలేదు. అది పనిచేసే చోటు లేకుండా చేస్తే చాలు. పైగా డేటా కేంద్రాలలో పెట్టుబడి కొండంత, నిర్మాణం ముగిసిన తరువాత మిగిలే శాశ్వత కొలువులు కొద్ది. అందువల్ల ప్రజల భూమిని నామమాత్రపు ధరకు ఇచ్చే ప్రతి ఒప్పందంలో స్థానికులకు, బలహీన వర్గాలకు, మైనారిటీలకు ఎన్ని ఉద్యోగాలు, ఎంత శిక్షణ అన్నది రాతపూర్వకంగా ఉండాలి. ఏటా ఆ లెక్క బహిరంగపరచాలి. ఇది దానం అడగడం కాదు. భూమి ప్రజలది గనుక ప్రతిఫలం అడగడం.

రెండవ సమస్య భూమిది. నగరం భోగాపురం విమానాశ్రయం వైపు ఉత్తరానికి, అనకాపల్లి వైపు పడమరకు విస్తరిస్తున్నది. నిన్న ఎవ్వరూ కన్నెత్తి చూడని దర్గా మాన్యానికి, ఖబరస్తానుకు నేడు గజాలలో ధర పలుకుతున్నది. ధర పెరిగిన చోట ఆక్రమణ పెరగడం సహజం. 2025 వక్ఫ్ సవరణ చట్టం ఈ ప్రమాదాన్ని తీవ్రతరం చేసింది. ఇదివరకు వక్ఫ్ స్థిరాస్తి కోసం వేసే దావాకు కాలపరిమితి అడ్డు వచ్చేది కాదు. ఇప్పుడు 1963 నాటి కాలపరిమితి చట్టం దానికీ వర్తిస్తుంది. పన్నెండేళ్లు ఊరకుంటే ఆక్రమించినవాడే హక్కు చెప్పుకునే పరిస్థితి రావచ్చును. పత్రం లేకున్నా చిరకాల వాడుక వల్ల వక్ఫ్‌గా గుర్తించే పద్ధతి ఇకముందుకు తొలగిపోయింది. అంతకుముందే నమోదైనవాటికి మాత్రమే, అవీ వివాదంలో లేనివైతేనే, రక్షణ ఉన్నది. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను నిలిపివేసినది నిజమే గాని కాలపరిమితి మాత్రం అమలులోనే ఉన్నది. కనుక న్యాయస్థానంలో పోరాటం సాగుతున్నది కదా అని మనం చేతులు ముడుచుకొని కూర్చోరాదు.

చిరకాలం రెవెన్యూ ఫైళ్ల మధ్య పనిచేసిన అనుభవంతో ఒక్క మాట చెప్పగలను. ప్రభుత్వ కార్యాలయంలో ఆవేదనకు ఫైలు నంబరు ఉండదు, దరఖాస్తుకు ఉంటుంది. ప్రతి మసీదు కమిటీ, ప్రతి ముతవల్లీ ఒక సంచిలో కొన్ని కాగితాలు సిద్ధం చేసుకోవాలి. 1860ల నాటి ఇనాం కమిషన్ తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలు, రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అడంగలు, కొలతల పటం, వక్ఫ్ గెజిట్ ప్రతి వాటిలో ముఖ్యమైనవి. వీటిలో సర్వే నంబరు, విస్తీర్ణం ఒకదానితో ఒకటి సరిపోలుతున్నవో లేదో చూడాలి. ఆ భూమి రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింది నిషేధిత జాబితాలో ఉన్నదో లేదో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో విచారించాలి. లేకపోతే చేర్చమని వక్ఫ్ బోర్డు ద్వారా కోరాలి. కేంద్రప్రభుత్వ 'ఉమీద్' పోర్టల్‌లో ఆస్తుల వివరాలు నమోదు కాకపోతే తగిన కారణం చూపి పరిమిత గడువు పొడిగింపు కోసం ట్రిబ్యునల్‌ను ఆశ్రయించే వీలును 2025 చట్టం కల్పించింది. రహదారికో మరొక ప్రజావసరానికో వక్ఫ్ భూమిని సేకరించేటప్పుడు కలెక్టరు బోర్డుకు తెలియజేయాలని, బోర్డు మూడు నెలలలో తన వాదన వినిపించవచ్చునని వక్ఫ్ చట్టం 91వ సెక్షన్ చెబుతున్నది. ఆ నోటీసు వచ్చిందా అని బోర్డును అడగవలసినది స్థానికులే. వక్ఫ్ అమానత్. అమానత్‌ను కాపాడేవాడు లెక్క రాసుకోకుండా ఉండడు.

మూడవది వీధి బతుకు. పూర్ణామార్కెట్, జగదాంబ, పాత నగరం ప్రాంతాలలో తోపుడుబండి మీద పండ్లు అమ్మేవారు, పంక్చర్లు వేసేవారు, పాత బట్టలు, పాత ఇనుము కొనేవారు మనవారిలో ఎందరో ఉన్నారు. 2016లో ఈ నగరం స్మార్ట్ సిటీల తొలి జాబితాలో చేరింది. సుందరీకరణ పేరు వినగానే ముందుగా కదలవలసి వచ్చేది ఈ బండ్లే. అయితే 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వీరికి గట్టి ఆయుధం. సర్వే ముగించి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదు. తొలగించవలసివస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు వీధి వ్యాపారులవే. వారిలో మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలని చట్టంలోనే ఉన్నది. ఈ కమిటీకి జరిగే ఎన్నికలో మన వ్యాపారులు ఓటరుగా నమోదై, అభ్యర్థిగా నిలవాలి. మన యువజన సంఘాలు జల్సాకు, ఇఫ్తార్ విందుకు చూపే శ్రద్ధలో కొంత ఈ పనికి కూడ చూపితే అనేక కుటుంబాల పొయ్యి ఆరకుండా ఉంటుంది.

ఈ మూడు సమస్యలూ మనకు మాత్రమే పరిమితమైనవి కావు. ఉక్కు నిర్వాసితులు అర్ధశతాబ్దం గడిచినా న్యాయం కోసం తిరుగుతూనే ఉన్నారు. తీరం మీద ఒత్తిడి పెరిగే కొద్దీ జాలరిపేటల మత్స్యకారులకు వలలు ఆరవేసుకునే చోటు కూడ కరవవుతున్నది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద స్టైరీన్ ఆవిరి వ్యాపించి 12 మంది మరణించారు. ఆ విషవాయువు ఎవరి మతమూ అడగలేదు. కర్మాగారం గోడ పక్కన ఇల్లు కట్టుకొనక తప్పనివారినే వెదికి పట్టుకున్నది. కాబట్టి మన విన్నపపత్రం కింద మన సంతకాలే ఉంటే చాలదు. మత్స్యకార సంఘం, దళిత సంఘం, కార్మిక సంఘం సంతకాలు పక్కన చేరినప్పుడు స్వల్పసంఖ్య బలహీనత కాకుండా పోతుంది. వారి ఆందోళనలో మనం నిలబడితేనే మన ఆందోళనకు వారు వస్తారు.

ఈ పత్రిక చదివే కుటుంబాలకు నా విన్నపం ఇదే. వచ్చే జుమా నమాజు తరువాత మీ మసీదు కమిటీని రెండు విషయాలు అడగండి: మన వక్ఫ్ ఆస్తుల కాగితాలు ఎక్కడున్నవి? ఈ వార్డులో పట్టణ ప్రణాళిక ముసాయిదా వెలువడితే అభ్యంతరం రాయడానికి బాధ్యులు ఎవరు? జవాబు దొరకకపోతే చదువుకున్న ఇద్దరు యువకులకు, ఒక పదవీ విరమణ చేసిన ఉద్యోగికి ఆ పని అప్పగించండి. నగరాలు పటం మీద ముందు పెరుగుతవి, నేల మీద తరువాత పెరుగుతవి. పటం గీసేటప్పుడు మన మాట నమోదు కాకపోతే, నేల మీద మనకు మిగిలేది నోటీసు మాత్రమే.