ఇల్లే అంగడైన వాళ్లకు బీమా ఏదీ?

మన వాడలో పని ఎక్కడ జరుగుతుంది? ఇంట్లోనే. వసారాలో చెప్పులు కుట్టేవాళ్లు, నడింట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే ఆడవాళ్లు, కిటికీకి పలక బిగించి బొరుగులు, సబ్బులు అమ్ముకునే ముసలోళ్లు, తెల్లారకముందే ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టే తల్లులు. పగలు అదే అంగడి, రాత్రి అదే పడక. ఆ ఒక్క గది కాలితే ఇల్లూ పోతుంది, బతుకుతెరువూ పోతుంది. కానీ బీమా కాగితాల్లో ఇల్లు వేరు, అంగడి వేరు. ఆ రెంటి మధ్య సందులో మనం పడిపోతున్నాం.

ప్యాపిలి మండలంలోని ఒక పల్లె సంగతి ఇది. ఆ అక్క పేరు, ఊరి పేరు రాయడం లేదు. పొదుపు సంఘంలో ఉంది. బ్యాంకులో అప్పు తీసుకుని కుట్టుమిషను, ఓవర్‌లాక్ మిషను, గుడ్డలు కొనుక్కుంది. అప్పు ఇచ్చేటప్పుడే బీమా కింద కొంత పట్టుకున్నారు. కాగితం ఆమె చేతికి ఇయ్యలేదు, ఆమె అడగలేదు. ఒక రాత్రి కరెంటు వైర్ల దగ్గర నిప్పు లేచింది. మిషన్లు మాడిపోయాయి. పెండ్లిళ్ల కాలమని ఊరోళ్లు ఇచ్చిన గుడ్డలు బూడిదయ్యాయి. సర్వేయరు వచ్చి పాలసీ తీసి చూస్తే "అంగడి, మెయిన్ బజారు" అని ఉంది. బజారులో ఆమెకు అంగడి లేదు. ఇంటికి పాలసీ లేదు. క్లెయిము కొట్టేశారు. అప్పు కంతులు మాత్రం ఆగలేదు.

"బజార్లో గది మనకు యాడిస్తారు సార్? అడిగితే ఖాళీ లేదంటారు. మర్నాడే ఇంగొకరికిస్తారు" అంది ఆ అక్క. అసలు సంగతి ఇక్కడుంది. మనం ఇంట్లో పని చేసేది సరదాకు కాదు. కులం మనకు బజారులో చోటు లేకుండా చేసింది. బజారులో లేమని బీమా మనల్ని వదిలేస్తోంది.

"మాకు బీమా ఉంది కదా, ఖాతాలో ఏటా కట్ అవుతాంది" అంటారు చాలామంది. అది ఏ బీమానో తెలుసుకోవాలి. 2015లో వచ్చిన జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు. మనిషి చనిపోతే 2 లక్షలు. సురక్షా బీమాకు 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. రెండూ ఉండాల్సినవే, మానొద్దు. కానీ అవి మనిషికి చేసిన బీమా. మిషను కాలితే, తోలు తడిసి కుళ్లిపోతే, సరుకు వరద పాలైతే వాటి నుంచి ఒక్క రూపాయి రాదు.

వస్తువులకు వేరే పాలసీలున్నాయి. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఒకే నమూనాలో అమ్మాలని నియంత్రణ సంస్థ చెప్పిన వాటిలో రెండు మనకు సంబంధించినవి. ఒకటి భారత్ గృహ రక్ష. ఇది కాపురముండే ఇంటికి, ఇంటి సామానుకు. వ్యాపారం సరుకు దీని కిందికి రాదు. రెండోది భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. ఇక్కడ ఉద్యమ్ అంటే మన ఉద్యమం కాదు, హిందీలో వ్యాపార సంస్థ. 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న చిన్న వ్యాపారాలకు ఇది. మిషన్లు, ముడిసరుకు, తయారైన సరుకు దీంట్లో రాయించుకోవచ్చు. నిప్పు, వరద, గాలివానలతో పాటు అల్లర్లలో జరిగిన నష్టం కూడా దీని కిందికొస్తుంది. వాడల మీద దాడులు చూసిన మనకు ఇది చిన్న మాట కాదు. అయితే 5 కోట్ల వాడిని, ఐదు వేల మిషను ఉన్న వాడిని ఒకే గాటన కట్టిన పాలసీ ఇది. ఐదు వేల వాడి గడప దాకా వచ్చి దీన్ని చెప్పేదెవరు?

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి మన పాత జిల్లా కేంద్రం కర్నూలు మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. విజయవాడలో ప్రభుత్వం నీళ్లలో మునిగిన కింది ఇంటికి 25 వేలు, చిన్న అంగడికి 25 వేలు అని వేరువేరు లెక్కలు కట్టింది. ఇల్లే అంగడైన మనిషి ఏ వరుసలో నిలబడాలి? బోర్డు లేని అంగడిని అంగడిగా ఎవరు రాసుకుంటారు?

మా నాయన వసారాలో చెప్పులు కుట్టి నన్ను చదివించినాడు. ఆయన ఆరెకు, కత్తికి ఏ బీమా లేదు. నాకు టీచరు ఉద్యోగం రాగానే జీతంలోంచే ప్రభుత్వ జీవిత బీమా కోత మొదలైంది. నన్ను ఎవరూ అడగలేదు, అది తప్పనిసరి. ఉద్యోగికి తప్పనిసరి అయిన రక్షణ చెప్పులు కుట్టేవాడికి ఎందుకు లేదు? 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో బాబాసాహెబ్ అంబేద్కర్ బీమా పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉండాలన్నారు. ప్రతి వయోజనుడికి జీవిత బీమా తప్పనిసరి చేయాలన్నారు. ఆయన ఉద్యోగులకు మాత్రమే అనలేదు.

అడగడం వేరు, అంతదాకా జాగ్రత్తపడడం వేరు. రెండూ చేయాలి. అప్పులో బీమా డబ్బు పట్టుకుంటే పాలసీ కాపీ అడిగి తీసుకోండి. చిరునామా దగ్గర పని జరిగే ఇంటి నంబరే ఉందా, ఇంట్లోనే వ్యాపారమని రాశారా, చదువుకున్న పిల్లలతో చదివించుకోండి. బోద కొట్టమైతే బోద కొట్టమనే రాయించండి, దాస్తే క్లెయిము దగ్గర పట్టుకుంటారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు, ఎవరికీ డబ్బు ఇయ్యొద్దు. మిషన్ల బిల్లులు, ఫోటోలు ఇంట్లో కాకుండా వేరేచోట ఒక జత ఉంచండి. క్లెయిము కొట్టేస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, ఏడాది దాటకుండా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

కార్యకర్తలు ఈ పక్షంలో ఒక పని చేయాలి. వాడవాడకూ పోయి, ఇంట్లో పని చేసుకునే వాళ్ల పట్టీ రాయండి. ఏం పని, ఏం సామాను, ఏ అప్పు, పాలసీ చేతిలో ఉందా లేదా. ఆ పట్టీలు పట్టుకుని మండలాఫీసుకు, బ్యాంకులకు పోదాం. ఇల్లే పనిచోటని రాసిన పాలసీ ఇయ్యాలని, మన ప్రీమియం ఎస్సీ సంక్షేమ నిధుల నుంచి కట్టాలని అడుగుదాం. నిప్పంటుకున్నాక బూడిద ముందు కూర్చుని అడిగితే ఎవరూ వినరు. ఇప్పుడే అడుగుదాం.