“తరువాత సవరించుకోవచ్చు” అనే సలహా ఎవరిని ముంచుతున్నది?

ఉద్యోగం పోగొట్టుకున్నవాడికి మనవాళ్లు ఇచ్చే సలహా ఒకటున్నది: “ముందు కేసు వేద్దాం. మతం మాట ఇప్పుడెందుకు? అవసరమైతే తరువాత చేర్చుకోవచ్చు.” ఈ మాట చెప్పేది శత్రువులు కారు. మస్జిద్ కమిటీ పెద్దలు, వకీళ్ల గుమాస్తాలు, ఒక్కొక్కప్పుడు ఇంట్లోవాళ్లే. విజయవాడ వించిపేటలోనైనా, మచిలీపట్నంలోనైనా వినిపించేది ఇదే మాట.

తరువాత అనేది అంత సులభం కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 6, రూల్ 17 దావాపత్రాన్ని సవరించుకోనిస్తుంది, నిజమే. కాని 2002 జూలై 1 నుంచి దానికొక షరతు అమలులోకి వచ్చింది. విచారణ మొదలైన తరువాత సవరణ కోరేవాడు, తగిన శ్రద్ధ వహించినా ఆ విషయాన్ని ముందుగా చెప్పలేకపోయానని కోర్టును ఒప్పించాలి. సాక్షి ప్రమాణపత్రం దాఖలైతే విచారణ మొదలైనట్లేనని 2008లో విద్యాబాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గడ్డం తీయమన్నారని, జుమాకు వెళ్లినందుకు మెమో ఇచ్చారని మొదటి రోజు నుంచి తెలిసినవాడు, తెలియక రాయలేదని ఏ ముఖంతో చెబుతాడు?

కోర్టులు ఉదారంగానే ఉన్నాయని కొందరంటారు. 2022లో సంజీవ్ బిల్డర్స్ తీర్పును చూపుతారు. ఆ ఉదారత నాకూ ఇష్టమే. అయితే దానిని అందుకోవడానికి మరో పిటిషను, మరో ఫీజు, మరికొన్ని వాయిదాలు కావాలి. జీతం ఆగినవాడి దగ్గర అవి ఉండవు. పైగా జీతం బకాయిల దావాకు కాలపరిమితి 3 సంవత్సరాలు. కాలం చెల్లిన కోరికను సవరణ పేరుతో చేర్చబోతే సాధారణంగా అంగీకరించరు. అనుమతి దొరికినా గడువు చెప్పని ఉత్తర్వైతే 14 రోజుల్లో సవరణ చేయాలి. లేకపోతే మళ్లీ గడువు పొడిగింపు కోసం తిరగాలి.

ప్రభుత్వ ఉద్యోగి సంగతి ఇంకా సున్నితం. మతాన్ని బట్టి వివక్ష చూపరాదని రాజ్యాంగం 16(2) అధికరణం అతనికి హామీ ఇచ్చింది. హైకోర్టు రిట్‌లో ఒక అధికారికి దురుద్దేశం ఆపాదిస్తే, వివరాలు రాసి అతనిని పేరుతో ప్రతివాదిగా చేర్చాలి. మొదటి అఫిడవిట్‌లో భయపడి మింగేసిన మాట, ఎదుటివారి కౌంటర్ వచ్చాక బయటికి తెస్తే “ఇది తరువాత అల్లిన కథ” అంటారు. ఫైళ్ల మధ్య ఉద్యోగం చేసినవాణ్ని. ఆ వాక్యం రాయడం ఎంత తేలికో నాకు తెలుసు.

జరగనిది రాయమనడం లేదు. జరిగినది తేదీతో, మెమో నకలుతో మొదటే రాయమంటున్నాను. 1987 న్యాయసేవాధికార చట్టం 12వ సెక్షన్ మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయసహాయం పొందే అర్హత ఇచ్చింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు రాసిపెట్టేవాడొకడు ప్రతి జమాత్‌లో ఉండాలి. వార్షిక సభ షామియానాకు అయ్యే ఖర్చులో ఒక పాలు, దావాపత్రం జాగ్రత్తగా రాసే వకీలు ఫీజుకు మళ్లిస్తామంటే ఏ కమిటీ సభ్యుడు అడ్డుపడతాడో చూద్దాం.